లావు టైరు మోజు

ప్రశ్న: అన్నా, బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను. నా పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండికి వెనక 110/90-18 టైరు తీసి 130/80-18 వేయించా. గుంతలో పడ్డప్పుడల్లా సర్రుమని రాసుకుంటోంది. పొడుగు షాకబ్జార్బర్లు వేస్తే పోతుందా?

జవాబు: తమ్ముడూ, ముందు లెక్క చూడు. టైరు సైజులో మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో; రెండోది ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో; చివరి 18 రిమ్ము అంగుళాలు. 110లో 90 శాతం 99 మిల్లీమీటర్లు, 130లో 80 శాతం 104. ఎత్తు పెరిగింది అయిదే. వెడల్పు మాత్రం 20, అటు పది, ఇటు పది. గుంతలోనే రాస్తోందంటే నా అనుమానం మడ్‌గార్డు మీదే. టైరుకి సుద్దముక్క రుద్ది ఓ చుట్టు తిరిగిరా, అంటిన చోటే తగులుతున్న చోటు. చైను పక్కన తెల్లగా కనిపిస్తే ఆ రోజే బండి ఆపెయ్.

పొడుగు షాకులు బండిని లేపుతాయి, నిజమే. కానీ పూర్తిగా నొక్కుకున్నప్పుడు వాటి పొడవు పాతవాటంతే అయితే చక్రం మళ్ళీ అక్కడికే వస్తుంది. నేనూ జేసీ రోడ్డు స్పేరుపార్టుల బజార్లో కొనుక్కొచ్చి వేశాను. బండి ఎత్తయింది, సైడు స్టాండు చాల్లేదు. మా గేటు ముందే పడింది, క్లచ్ లివరు రెండు ముక్కలు!

రిమ్ము కూడా పాతదే కదా? సన్న రిమ్ము మీద లావు టైరు బుడగలా గుండ్రంగా నిలబడుతుంది, మలుపులో తేడా తెలుస్తుంది. స్పోకులు సర్ది రిమ్మును పక్కకు లాగుతామనేవాళ్ళుంటారు, వద్దు, రెండు చక్రాలూ ఒక వరసలో ఉండవు. పాత సైజే వేయించుకో.