‘ఓ స్త్రీ రేపు రా’: అది ఉత్త మూఢనమ్మకమేనా?

ప్రశ్న: 1990లలో మా ఊళ్లో ప్రతి తలుపు మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు. ఆ సంగతి చెబితే మా అబ్బాయి ‘చదువులేనివాళ్ల మూఢనమ్మకం’ అని కొట్టిపారేస్తున్నాడు. అది అంతేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అంతే అనుకుంటే మనం చాలా పోగొట్టుకుంటాం. రాత్రివేళ ఒక ఆడదయ్యం అయినవాళ్ల గొంతుతో పిలిచి తలుపు తడుతుందని, పలికినవాళ్లు బతకరని, తలుపు మీద ఆ మాట ఉంటే చదువుకుని వెళ్లిపోతుందని అప్పట్లో చెప్పుకునేవారు. కర్ణాటకలో ఇదే కథ ‘నాళె బా’ అన్న రాతతో నడిచింది. దాని అర్థమూ ‘రేపు రా’ అనే. మా ఇంటి తలుపు మీద సుద్దముక్కతో రాసింది మా అక్క. ‘స్త్రీ’ కింద రెండు ఒత్తులూ పట్టక, చెరిపి మళ్లీ రాస్తుంటే, అక్షరం రాని మా నాయనమ్మ పక్కన నిలబడి దీపం చూపించింది. ఆ దయ్యానికి చదువు వచ్చునని, రాసిన మాటకు కట్టుబడుతుందని ఊరంతా నమ్మింది. అప్పులవాణ్ని గుమ్మంలోంచి పంపేయడానికి వాడే మాటనే మృత్యువుకూ వాడుకున్నారు. దీన్ని నేను అజ్ఞానం అనలేను. చేతిలో మరే ఆయుధమూ లేనివాళ్లు మాటతో కట్టుకున్న కంచె అది.

అయితే ఆ వచ్చేది ఆడదే ఎందుకయింది? కోరిక తీరకుండా పోయిన స్త్రీ దయ్యమై తిరుగుతుందన్న నమ్మకం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. బతికున్నన్నాళ్లూ ఆమె కోరికేమిటో అడగని ఇళ్లే, పోయాక ఆమె అడగడానికి వస్తుందని భయపడ్డాయి. కథలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది ఇదే. దయ్యాన్ని కళ్లారా చూశానన్నవారు మాత్రం నాకు ఒక్కరూ తగల్లేదు. ఎప్పుడూ పక్క ఊళ్లో, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్ల ఇంట్లోనే జరిగేది.

ఇక చదువు మాట. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో తిరిగిన సందేశాలను స్మార్ట్‌ఫోన్లు ఉన్నవాళ్లే నమ్మారు, పంచారు. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడాలో, ఊరూరా తిరిగి భిక్షాటన చేసుకునే సంచార జాతికి చెందిన ఐదుగురిని జనం కొట్టి చంపారు. అదే నెలలో బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ యువకుడొకరు ప్రాణం పోగొట్టుకున్నాడు. తలుపు మీది రాత ఎవరినీ గాయపరచలేదు, ఎందుకంటే అందులో భయానికి మనిషి చిరునామా లేదు. ఫోనులోకి వచ్చేసరికి ఆ భయానికి ముఖం దొరికింది: భాష రానివాడు, బిచ్చమెత్తేవాడు, ఊరికి కొత్తవాడు. మనం ఎవరిని ముందే అనుమానిస్తున్నామో ఈ కథలు మన నోటితోనే చెప్పిస్తాయి.

అదే జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. నాకు అంతకన్నా నచ్చింది గద్వాలలో జరిగిన పని. అప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి జనంతో మాట్లాడించారు, జానపద కళాకారుల చేత ఈ పుకార్ల మీద పాటలు పాడించారు. నోటి మాటగా వచ్చినదానికి నోటి పాటతోనే జవాబు చెప్పారన్నమాట. మీ అబ్బాయికి మీ ఊరి తలుపు కథతో పాటు ఈ పాటల సంగతీ చెప్పండి.