45 శాతం రాయితీ అనుకున్నది చేతికి ఎంత వస్తుంది?

ప్రశ్న: మేమిద్దరం, 65 ఏళ్లు దాటిన మా అమ్మానాన్నలు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు గుంటూరు నుంచి హైదరాబాద్‌లోని ఒక వినోద పార్కుకు వెళ్లాలనుకుంటున్నాం. పెద్దలకు టికెట్ 1,500, పాపకు 1,200 రూపాయలు, బాబుకు ఉచితం. సీనియర్ సిటిజన్లకు 25 శాతం, ఆన్‌లైన్‌లో ముందే కొంటే 10 శాతం, బ్యాంకు కార్డుపై మరో 10 శాతం తగ్గుతుంది. రైల్లో థర్డ్ ఏసీకి ఒక వైపు 600 చొప్పున వేసుకుని, మొత్తం 8,280 రూపాయలు పక్కన పెట్టాను. నిబంధనలు జతచేశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. మీరు మూడు రాయితీలనూ కూడి 45 శాతం చేసి, అయిదు టికెట్ల ధర 7,200లో 3,240 ఒకేసారి తీసేశారు. కానీ మీరు పంపిన నిబంధనల్లోనే ఒక టికెట్‌కు పార్కు ఒక్క రాయితీయే ఇస్తుందని ఉంది. కాబట్టి అమ్మానాన్నల టికెట్లకు 25 శాతం పోగా 2,250, మీ ముగ్గురి టికెట్లు 4,200కు 10 శాతం పోగా 3,780, వెరసి 6,030 రూపాయలు అవుతుంది. బ్యాంకు ఇచ్చే 10 శాతానికి 500 రూపాయల పరిమితి ఉంది. పైగా అది 90 రోజుల్లోపు ఖాతాలో పడే క్యాష్‌బ్యాక్ కనుక, టికెట్లు కొనే రోజున మాత్రం 6,030 పూర్తిగా కట్టాల్సిందే.

రైలు ఖర్చులోనూ తేడా ఉంది. నాన్నగారికి 40, అమ్మగారికి 50 శాతం తగ్గించి లెక్క వేశారు. ఆ రాయితీని రైల్వే 2020 మార్చిలోనే నిలిపివేసింది, తిరిగి ఇవ్వలేదు. చాలా ఇళ్లలో ఇప్పటికీ ఈ పాత లెక్కే నడుస్తోంది. పాపకు సగం ఛార్జీ వర్తించేది బెర్తు వద్దనుకున్నప్పుడే. బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ చెల్లించాలి. రాత్రంతా తొమ్మిదేళ్ల పిల్లను పక్కన ఇరికించుకుని పడుకుంటే పెద్దలకూ నిద్ర ఉండదు కనుక, నేనైతే బెర్తు తీసుకోమనే చెబుతాను. బాబుకు అయిదేళ్లు నిండలేదు కాబట్టి బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. అయిదు బెర్తులకు రానూపోనూ 6,000 అవుతుంది. మీరు వేసుకున్నది 4,320.

అంటే బయలుదేరే ముందు మీ చేతిలో 12,030 ఉండాలి, ఇంకా 3,750 సర్దుకోవాలి. భోజనాలు, ఆటో ఛార్జీలు ఇందులో లేవు, వాటికి వేరుగా తీసిపెట్టండి. అమ్మానాన్నల ఆధార్ కార్డులు వెంట ఉంచుకోండి, గేటు దగ్గర వయసు రుజువు అడిగితే చూపించాలి. టికెట్లు కొన్న తేదీ నుంచి 90వ రోజును క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని, ఆనాటికి 500 జమ కాకపోతే రసీదుతో బ్యాంకును అడగండి.