ప్రోటాన్ స్పిన్ మూడు క్వార్కులతో తేలిపోదా?

మీ అమ్మాయి సందేహం న్యాయమైనదేనండి: ప్రోటాన్‌లో క్వార్కులనే చిన్న కణాలు మూడు, ఒక్కోదాని స్పిన్ (కణానికి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) సగం, ప్రోటాన్‌దీ సగమే, రెండు ఇటు ఒకటి అటు వేస్తే లెక్క సరిపోయింది కదా, ఇంక ప్రోటాన్లను ఢీకొట్టించడం దేనికి? బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తుంటాను. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) రాదు కాబట్టి ఎవరూ దీని జోలికి పోరు. అందుకే ఈ ప్రశ్న చూసి ముచ్చటేసింది.

ఆ లెక్క నిజమనే 1980ల దాకా అనుకున్నారు. యూరప్‌లోని సెర్న్ ల్యాబ్‌లో మ్యుయాన్లతో (ఎలక్ట్రాన్ లాంటివే, కాకపోతే బరువైనవి) చేసిన ప్రయోగం 1988లో దాన్ని తలకిందులు చేసింది. క్వార్కుల స్పిన్ వాటా దాదాపు ఏమీ లేదన్నట్టు వచ్చింది. తర్వాతి ప్రయోగాల్లో అది 30 శాతం దగ్గర కుదురుకుంది. మొత్తం ఎంతో తెలుసు, పద్దులు మాత్రం కలవవు, కిరాణా కొట్టు చీటీలాగా. మిగతాది క్వార్కులను అతికించి ఉంచే గ్లువాన్ల స్పిన్‌లోనో, ఇవన్నీ లోపల తిరగడం వల్ల వచ్చే కోణీయ ద్రవ్యవేగంలోనో ఉండాలి. గ్లువాన్లకు విద్యుదావేశం లేదు, మ్యుయాన్లకు అవి నేరుగా చిక్కవు. ప్రోటాన్‌ను ప్రోటాన్‌తోనే కొడితే చిక్కుతాయి.

ఆ పని న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లోని రిక్ కొలైడర్‌లో (కణాలను ఢీకొట్టించే యంత్రం) జరిగింది. చుట్టుకొలత 3.8 కిలోమీటర్లు, బ్లూ, ఎల్లో అని రెండు రింగులు. పీహెచ్‌డీ రోజుల్లో అక్కడ నైట్ షిఫ్టులు చేశాను. ఢీకొట్టించడం కన్నా స్పిన్‌లను ఒకే దిక్కున నిలపడమే అసలు తలనొప్పి. అయస్కాంతాల్లోని చిన్న చిన్న లోపాలు ప్రతి చుట్టులో స్పిన్‌ను కాస్త పక్కకు నెడతాయి. అందుకని ఒక్కో రింగులో ఎదురెదురుగా రెండు ‘సైబీరియన్ స్నేక్‌లు’ అనే ప్రత్యేక అయస్కాంతాల వరుసలు పెట్టారు. అవి స్పిన్‌ను 180 డిగ్రీలు తిప్పేస్తాయి, సగం చుట్టులో పేరుకున్న తేడా మిగతా సగంలో కొట్టుకుపోతుంది. ఇంత చేసినా పోలరైజేషన్, అంటే స్పిన్‌లు ఒకే దిక్కున నిలిచిన మేర, 55 శాతం దాటితే ఆ రోజు పండగే.

పోలరైజేషన్ ఎంతుందో చూడటానికి వెంట్రుక కన్నా పల్చని కార్బన్ రిబ్బన్‌ను బీమ్‌లోకి దించుతారు. ప్రోటాన్లు తగిలి ఎగిరే కార్బన్ కేంద్రకాలు కుడివైపు ఎన్ని, ఎడమవైపు ఎన్ని అని లెక్కపెడతారు, ఆ తేడాను బట్టి పోలరైజేషన్ తెలుస్తుంది. ఆ రిబ్బన్ ఒక్కోసారి తెగిపోతుంది. రాత్రి రెండింటికి తెగితే ఇక టెన్షనే.

తర్వాత కొలిచేది సింపులే. ఢీకొనే ప్రోటాన్ల స్పిన్‌లు ఒకే వైపున్నప్పుడు ఎన్ని జెట్‌లు (ఒకే దిక్కుకు గుంపుగా ఎగిరే కణాలు) వచ్చాయి, ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎన్ని. ఆ తేడాలోంచే గ్లువాన్ల స్పిన్ వాటా తెలుస్తుంది. తేడా చాలావరకు వందకు ఒకటి కూడా ఉండదు. డిటెక్టర్ పనితీరు గంటగంటకూ మారుతుంది కదా, ఆ మార్పునే తేడా అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఒక్కో ప్రోటాన్ గుంపుకు స్పిన్ దిక్కు మార్చి పంపుతారు, అన్ని జతలూ కలగలిపి ఒకే సమయంలో వస్తాయి. నాకు బాగా నచ్చిన తెలివి ఇదే.

2009 డేటాను 2014 నాటికి విశ్లేషిస్తే గ్లువాన్లకూ చెప్పుకోదగ్గ వాటా ఉందని తేలింది. ప్రోటాన్ ద్రవ్యవేగంలో మరీ చిన్న భాగం మోసే గ్లువాన్ల సంగతి మాత్రం ఇంకా తేలాలి. అదే ప్రాంగణంలో కట్టబోయే ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్ ముఖ్యమైన పనుల్లో అదొకటి. మీ అమ్మాయి పీహెచ్‌డీకి వచ్చేనాటికి చేతినిండా పనే.