యేసు సభలో పెద్ద మారేటప్పుడు ఏం జరుగుతుంది?

యేసు సభ అంటే జెస్యూట్లు అనే క్యాథలిక్ సన్యాస సంఘం; దాని పెద్దను సుపీరియర్ జనరల్ అంటారు. "జెస్యూట్ల సుపీరియర్ జనరల్‌ది జీవితకాల పదవి కదా, మధ్యలో దిగిపోతే చిన్నతనం కాదా?" అని అడిగారు. కాదండీ. 2016 అక్టోబరులో రోమ్‌లో జరిగిందే చూడండి. అప్పటి జనరల్, 80 ఏళ్ల ఫాదర్ అడాల్ఫో నికొలాస్ రాజీనామా ఇచ్చారు. జెస్యూట్ ప్రతినిధుల మహాసభ దాన్ని ఆమోదించి, ఆయనకు మనసారా కృతజ్ఞతలు చెప్పింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ప్రార్థన, ఇద్దరిద్దరుగా కూర్చుని 'ఈ పనికి ఎవరు తగినవారు?' అని మెల్లగా మాట్లాడుకోవడం. దీన్ని 'ముర్మురాత్సియో' అంటారు. ప్రచారం చేయకూడదు, పదవి నాకు కావాలని ఎవరూ అడగకూడదు. నాకు మనసుకు హత్తుకునేది ఇదే.

అక్టోబరు 14న వెనిజులాకు చెందిన ఫాదర్ అర్తూరో సోసా ఎన్నికయ్యారు, యూరప్ బయటి నుంచి వచ్చిన మొదటి జనరల్. నికొలాస్ గారేమో మనీలా వెళ్లి మళ్లీ మామూలు ఫాదర్‌గా సేవలో చేరిపోయారు.