ఆర్కెస్ట్రా కండక్టర్ అవుతానంటున్న తమ్ముడు: వరంగల్ నుంచి దారి ఉందా?

మీరడిగింది ఇదీ: తమ్ముడు హనుమకొండలో ఇంటర్ చదువుతున్నాడు, కీబోర్డు బాగానే వాయిస్తాడు, యూట్యూబ్ చూసి చూసి వెస్టర్న్ ఆర్కెస్ట్రా కండక్టర్ (ముందు నిలబడి చిన్న కర్ర ఊపుతూ అందరినీ ఒకటిగా వాయింపజేసేవాడు) అవుతానని పట్టుబట్టాడు, అదీ బీథోవెన్, మొజార్ట్ కాదట, ఇప్పుడు బతికున్నవాళ్లు రాసే కొత్త సంగీతమే చేయిస్తాడట, నాన్నగారికి టెన్షన్ పట్టుకుంది, ఇది అసలు కూడు పెట్టే పనేనా అని.

పెడుతుంది. కాకపోతే నోటిఫికేషన్ పడితే అప్లై చేసుకునే ఉద్యోగం కాదిది. ఈ లైన్‌లో నిలబడ్డవాళ్లలో చాలామంది ముందు తమ మనుషుల్ని తామే పోగేసుకున్నారు, పెద్ద ఆర్కెస్ట్రాలు పిలిచింది ఆ తర్వాతే.

నా సంగతి కొంచెం చెప్తా. మాది కాజీపేట, నాన్న రైల్వే. ఫాతిమానగర్‌లో చర్చి క్వాయర్‌కి వాయించే ఒక పెద్దాయన దగ్గర వయొలిన్ మొదలుపెట్టి, తర్వాత చెన్నైలో సినిమా రికార్డింగులు, అప్పుడప్పుడు స్టేజీ మీద ఆర్కెస్ట్రా కచేరీలు, అన్నీ సెకండ్ వయొలిన్లలో వెనక వరసన కూర్చునే. ఇప్పుడు హనుమకొండలో పిల్లలకు నేర్పుతూ ఓ చిన్న బృందాన్ని నడుపుతున్నా. ప్రేక్షకులకు కండక్టర్ వీపు కనబడుతుంది, మాకు మొహం కనబడుతుంది, కాబట్టి ఎవరికి పని వచ్చో ఎవరికి రాదో మాకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

తెలిసిన సింఫనీ అయితే కండక్టర్ తడబడ్డా ఆర్కెస్ట్రా ఎలాగోలా నెట్టుకొస్తుంది, ఎందుకంటే అది అందరి చెవుల్లోనూ ముందే ఉంటుంది. కొత్త రచన అలా కాదు. అది ఎలా వినిపించాలో తెలిసినవాడు ఆ గదిలో రాసినాయన ఒక్కడే, ఒక్కోసారి ఆయనకీ సగమే తెలుస్తుంది. చెన్నైలో ఒకసారి కుర్ర కంపోజర్ ఒకతను రాసింది మొదటిసారి వాయిస్తున్నాం. ఒకచోట మొత్తం పుల్లగా వినిపిస్తోంది. కొత్త సంగీతం కదా, ఇలాగే ఉంటుందేమో అని అందరం తలవంచుకుని వాయించేస్తున్నాం. కండక్టర్ ఆపి, క్లారినెట్ అతన్ని నీ కాగితం మీద ఏముందో చదవమన్నాడు. సంగతేంటంటే బీ ఫ్లాట్ క్లారినెట్‌కి వినబడాల్సిన స్వరం కంటే ఒక టోన్ పైన రాయాలి, పార్టు (ఒక్కో వాద్యానికి విడిగా ఇచ్చే కాగితం) తీసినవాళ్లు అలా మార్చకుండానే ప్రింటు తీసేశారు. కావాలని పెట్టిన అపస్వరానికీ, ప్రింటు తప్పుకీ తేడా పట్టే చెవి, అదే కొత్త సంగీతం చేయించేవాడి అసలు సామర్థ్యం. కర్ర ఊపడం నేర్చుకోవడానికి ఎక్కువ టైం పట్టదు.

ఆ రచనలోనే ఏడుకి ఎనిమిది (7/8) తాళం ఉంది, అంటే ఏడు దెబ్బలు, రెండు రెండు మూడుగా రాశాడు. మాలో సగం మంది కర్ణాటక సంగీతం మీదుగా వచ్చినవాళ్లం, చేతికి మిశ్ర చాపు (ఏడుని మూడు, నాలుగుగా విరిచే తాళం) అలవాటు, మూడు ముందుకొచ్చేస్తోంది, తకిట తకధిమి. కండక్టర్ ఎన్నిసార్లు చెయ్యి చూపించినా ప్రతిసారీ అక్కడే చెల్లాచెదురు. చివరికి వాద్యాలు ఒళ్లో పెట్టించి, తక తక తకిట అని అందరితో నోటితో చెప్పించాడు, ఆ తర్వాత ఇక తప్పలేదు. మీ తమ్ముడికి మృదంగమో తబలానో కాస్త చూపించండి. వెస్టర్న్ మాత్రమే నేర్చుకున్న పిల్లలు లెక్కపెట్టుకుంటూ పోయేచోట వాడు నోటితో పట్టేస్తాడు.

ఇక కెరీర్ల సంగతి. ఎసా పెక్కా సలోనెన్ అని ఫిన్లండ్ ఆయన ఉన్నాడు. హార్న్ వాయించేవాడు, కంపోజింగ్ చదివాడు, తనవీ స్నేహితులవీ ఎవరూ వాయించరు కాబట్టి తానే చేయిద్దామని కండక్టింగ్‌లోకి దిగాడు. 1977లో హెల్సింకీలో మాగ్నుస్ లిండ్‌బెర్గ్, కైయా సారియాహో లాంటి తోటి విద్యార్థులతో కలిసి కొత్త సంగీతం కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. 1983లో లండన్‌లో మాలర్ మూడో సింఫనీ చేయాల్సిన మైకేల్ టిల్సన్ థామస్ రాలేకపోతే ఈయన్ని హడావుడిగా పిలిచారు, దాంతో దశ తిరిగింది. అందరూ ఆ కచేరీ కథే చెప్తారు గానీ, నాకైతే అంతకుముందు స్నేహితుల కాగితాలు పట్టుకుని తిరిగిన ఆ ఆరేళ్లే ముఖ్యం. తర్వాత 1992 నుంచి 2009 దాకా లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ ఆయన చేతిలో ఉంది.

మారిన్ ఆల్సప్ ఇంకా మొండి మనిషి. న్యూయార్క్‌లో వయొలిన్ వాయించి బతుకుతూ, కండక్టింగ్‌లో చోటు దొరక్క, 1984లో కాంకార్డియా అని సొంత ఆర్కెస్ట్రానే పెట్టుకుంది, బట్టల వ్యాపారం చేసే ఒక జపాన్ ఆయన డబ్బు సాయం చేశాడు. 1992 నుంచి 2016 దాకా కాలిఫోర్నియాలో కబ్రిల్లో ఫెస్టివల్ నడిపింది, అక్కడ వాయించేదంతా ఇప్పటివాళ్ల సంగీతమే. 2007లో బాల్టిమోర్ సింఫనీ పగ్గాలు పట్టినప్పుడు, అమెరికాలో అంత పెద్ద ఆర్కెస్ట్రాకి మ్యూజిక్ డైరెక్టర్ (అంటే ప్రధాన కండక్టర్) అయిన మొదటి మహిళ ఆమే. సొంత ఆర్కెస్ట్రాకీ ఈ పదవికీ మధ్య ఎన్నేళ్లో మీరే లెక్కేసుకోండి, నాన్నగారికి చెప్పేటప్పుడు ఈ లెక్క దాచొద్దు.

మీ తమ్ముడికి బహుశా ఎవరూ చెప్పని విషయం ఇంకోటుంది. మొదటి ప్రదర్శన సులభం, రెండోది కష్టం. "ప్రపంచంలో మొట్టమొదటిసారి" అంటే స్పాన్సరూ వస్తాడు, పేపర్లో ఫొటో కూడా పడుతుంది, ఆ మర్నాడు ఆ కాగితాలు బీరువాలోకి పోతాయి. స్ట్రావిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ అనే బ్యాలే (డ్యాన్స్ ప్రదర్శన) 1913 మే 29న పారిస్‌లో మొదటిసారి జరిగినప్పుడు హాల్లో ఎంత గొడవైందో అందరూ చెప్తారు, ఆ అరుపుల మధ్యే కండక్టర్ పియెర్ మాంటూ చివరిదాకా చేయించాడు. కానీ అసలు పని చేసింది 1914 ఏప్రిల్‌లో. అదే మాంటూ అదే పారిస్‌లో డ్యాన్స్ లేకుండా సంగీతం ఒక్కటే కచేరీగా పెట్టాడు, ఈసారి జనం స్ట్రావిన్‌స్కీని భుజాల మీద మోశారు. 1963లో, 88 ఏళ్ల వయసులో, లండన్‌లో యాభై ఏళ్ల పండగకి మళ్లీ చేయించాడు, స్ట్రావిన్‌స్కీ కూడా వచ్చాడు. కొత్త సంగీతాన్ని నెత్తిన పెట్టుకోవడమంటే ఇదీ నా దృష్టిలో, ఒకే రచనని పట్టుకుని వదలకపోవడం.

ఇలా వదలకుండా ఉండటానికి డబ్బు కావాలి. బీథోవెన్ పార్టులకు కాపీరైట్ ఎప్పుడో పోయింది. బతికున్నవాళ్లవైతే చాలావరకు పబ్లిషర్ దగ్గర అద్దెకు తెచ్చుకోవాలి, మన చట్టంలో రాసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పైగా రిహార్సల్స్ ఎక్కువ, టికెట్లు తక్కువ. అందుకే ఈ రకం కండక్టర్ సగం రోజు ఫోన్లోనే ఉంటాడు, డబ్బున్నవాళ్లను ఒప్పిస్తూ. 1943లో హంగేరీ కంపోజర్ బార్టోక్ న్యూయార్క్‌లో ఆసుపత్రి మంచం మీద ఉంటే బోస్టన్ కండక్టర్ కుసెవిట్‌స్కీ వెళ్లి ఆర్కెస్ట్రాకి ఒకటి రాయమని డబ్బుతో సహా అడిగాడు, మరుసటి ఏడాది డిసెంబరులో ‘కాన్సెర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ వినిపించింది. ఆ డబ్బు కుసెవిట్‌స్కీ చనిపోయిన తన భార్య జ్ఞాపకంగా పెట్టిన ఫౌండేషన్‌ది.

మన దగ్గర పరిస్థితి? పూర్తి స్థాయి ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రా అంటే ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియానే చెప్పుకోవాలి. ఇళయరాజా గారి సింఫనీ కూడా 2025 మార్చిలో మొదట లండన్‌లోనే మోగింది, వాయించినవాళ్లూ అక్కడివాళ్లే. కాబట్టి ఉద్యోగం ఇక్కడే దొరుకుతుందని నేను చెప్పలేను, అబద్ధమవుతుంది. కానీ మొదలుపెట్టడం ఇక్కడ కుదురుతుంది.

నా బృందంలో ఒకసారి నలుగురు వయొలిన్లు, ఒక చెల్లో, రెండు డప్పులతో మా స్టూడెంట్ ఒకడు రాసింది చేయించాం. డప్పు అంటే మంట కాచాలి కదా, హాలువాళ్లు నిప్పు వద్దన్నారు. ఏసీలో తోలు మెత్తబడిపోతుంది. "కాగకుంటే మోగదు సార్" అని డప్పాయన కూర్చుండిపోయాడు. పార్కింగ్‌లో గడ్డి మంట వేసి కాచి, తమ ముక్క రావడానికి సరిగ్గా ముందు లోపలికి వచ్చేటట్టు వరస మార్చాం. వచ్చీ రాగానే నాలుగు వయొలిన్లూ మాయమయ్యాయి, అంత మోత. రెండోసారి పెట్టినప్పుడు డప్పుల్ని స్టేజీ వెనక తలుపు అవతల నిలబెట్టాం, అప్పుడు కుదిరింది. ఇవేవీ కాలేజీలో చెప్పరు.

ఇప్పుడు వాడు చేయాల్సింది: సైట్ రీడింగ్ (కొత్త కాగితం చూడగానే వాయించడం), ఇయర్ ట్రైనింగ్ (విని స్వరం పట్టడం) రోజూ. కీబోర్డుతో పాటు పదిమందిలో కూర్చుని వాయించే వాద్యం ఏదైనా ఒకటి. వెస్టర్న్ సంగీతం గ్రేడ్ పరీక్షలు హైదరాబాద్‌లో రాయొచ్చు. ఆ తర్వాత చెన్నైలో కేఎం కన్జర్వేటరీ అనే సంగీత కాలేజీ లాంటిచోట పునాది వేసుకుని, కండక్టింగ్ డిగ్రీకి బయటి దేశం వెళ్లాలి, ఖర్చు గట్టిగానే ఉంటుంది, స్కాలర్‌షిప్ కోసం ఏడాది ముందు నుంచే వెతకండి. అక్కడ చాలాచోట్ల నిజమైన మనుషుల్ని నడిపిస్తున్న వీడియో అడుగుతారు, రికార్డు పెట్టుకుని అద్దం ముందు ఊపింది పనికిరాదు. కాబట్టి ఓ ఎనిమిది మందిని ఇప్పుడే పోగేయమనండి. చర్చి క్వాయర్లలో పాడేవాళ్లున్నారు, నిట్‌లో గిటార్లు పట్టుకు తిరిగే పిల్లలున్నారు, పెళ్లి బ్యాండుల్లో ట్రంపెట్, క్లారినెట్ వాళ్లున్నారు, వీళ్లలో చాలామందికి నొటేషన్ రాకపోయినా రెండుసార్లు పాడి వినిపిస్తే పట్టేస్తారు. వాడి ఈడు పిల్లాడే ఒకడు రాసేవాడు కూడా కావాలి, వాడు దొరకడమే అన్నిటికంటే కష్టం.

ఇంటర్ మాత్రం పాసవ్వమనండి, అది లేకపోతే బయటి అప్లికేషన్ మొదటి పేజీ కూడా దాటదు.