హంతకుని పేరు బయటపెట్టకుండా అభిప్రాయం చెప్పడం

నమస్కారమండీ. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కలుసుకునే మీ పాఠక మిత్రులు, నవలపై మీ అభిప్రాయం విన్నాక హంతకుడెవరో ముందే తెలిసిపోయిందని నొచ్చుకున్నారని రాశారు. ప్రేమ నవలకూ, నెత్తురు కనబడని తేలికపాటి అపరాధ పరిశోధన నవలకూ ఒకే పద్ధతి పాటించడం వల్లనే ఈ చిక్కు వచ్చిందని నా నమ్మకం. ప్రేమకథలో జంట చివరికి కలుస్తుందని పాఠకులు ముందే ఊహిస్తారు కనుక, వారి మధ్య అలక ఎలా పుట్టి ఎలా కరిగిందో ధారాళంగా చెప్పవచ్చు. పరిశోధన నవలలో మాత్రం శవం బయటపడిన చోటే కథను ఆపి, ఆపై ఊరి వాతావరణం గురించీ, పరిశోధకురాలి చూపు గురించీ మాట్లాడండి. అగాథా క్రిస్టీ 1930 నాటి నవలలో మిస్ మార్పుల్ అనే వృద్ధురాలు, ఇరుగుపొరుగు వారి నడవడిని ఓపికగా గమనిస్తూ నేరం గుట్టు విప్పే తీరును ఎంత వివరించినా, ఆ గుట్టు బయటపడదు. "ఫలానా వారిపై నాకు మొదటినుంచీ అనుమానమే" అనే మాట కూడా దయచేసి అనకండి. అది పేరు చెప్పినట్టే అవుతుంది.