అల్లుడుగారు తెచ్చిన వైన్ వగరుగా ఉంది, చెడిపోయిందా?

ప్రశ్న: మా అల్లుడుగారు నాసిక్ దగ్గర వైన్ తయారుచేసే చోట పని చేస్తారు. మొన్న మే నెలలో వచ్చినప్పుడు ఎర్ర వైన్ సీసా ఒకటి ఇచ్చి వెళ్లారు. రొయ్యల వేపుడుతో రెండు గుక్కలు తాగితే నోరంతా వగరు, పైగా మంట. చెడిపోయిందంటారా? ఆయన్నే అడగడానికి మొహమాటంగా ఉంది.
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: చెడిపోలేదండి. ఈసారి నల్లద్రాక్ష కొన్నప్పుడు ఒక పండు ఒలిచి, గుజ్జు తినేసి, తొక్కని విడిగా బాగా నమిలి చూడండి. జామపిందె కొరికినట్టు నాలుక పట్టేస్తుంది, మీ గ్లాసులో ఉన్నది ఆ వగరే. నల్లద్రాక్షకీ లోపలి గుజ్జు తెల్లగానే ఉంటుంది, ఎరుపంతా తొక్కది, అందుకే ఎర్ర వైన్‌కి రసాన్ని తొక్కలతో, గింజలతో కలిపే పులియబెడతారు. పులిసేటప్పుడు పుట్టే గ్యాసు ఆ తొక్కలన్నిటినీ పైకి నెట్టి మందంగా అట్ట కట్టిస్తుంది. దాన్ని రోజుకి రెండు మూడుసార్లు మళ్లీ రసంలోకి ముంచుతూ, రుచి చూసుకుంటూ, ఇక చాలు అనిపించిన రోజున వడకట్టేయాలి. తొందరపడితే వైన్ పలచనవుతుంది, మరీ నానిస్తే వగరు ముదురుతుంది. మీ అల్లుడుగారి పనితనం చాలావరకు ఆ 'చాలు' దగ్గరే తెలుస్తుంది.

ఇది మనకి బొత్తిగా తెలియని విద్య కాదు. తాటిచెట్టుకి కట్టే కుండలో సున్నం పూస్తే నీరా, పూయకపోతే కొన్ని గంటల్లో కల్లు, ఇంకా ఉంచితే పులుపు. అక్కడా ఇక్కడా తీపిని ఆల్కహాల్‌గా మార్చేది ఈస్ట్ అనే కంటికి కనబడని సూక్ష్మజీవే. కాకపోతే వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం దాకా ఉంటుంది, కల్లు కన్నా బాగా ఎక్కువ, కాబట్టి కొంచెమే పోసుకోండి.

మంటకి కారణం మన కారం. మిరప ఘాటుకి ఆల్కహాల్, వగరు తోడైతే నోరు మండిపోతుంది. రొయ్యల వేపుడుకి కాస్త తీపి ఉన్న తెల్ల వైన్, బాగా చల్లగా బాగుంటుంది. ఎర్రదాన్ని కారం తగ్గించిన మాంసం కూరతో తీసుకోండి, మన ఎండల్లో అరగంట ఫ్రిజ్‌లో పెట్టి మరీ. వైన్ గ్లాసుని కింద ఉండే సన్నని కాడ దగ్గర పట్టుకోమనేది చేతి వేడి తగలకూడదని, అంతే. కాడ లేని గ్లాసులో తాగినా తప్పేం లేదు.

మొహమాటం వదిలేసి, "వగరుగా ఉందండీ, తొక్కలు ఎన్ని రోజులు ఉంచారు?" అని ఫోన్ చేసి అడగండి. పని ప్రేమించేవాళ్లకి అంతకన్నా ఇష్టమైన ప్రశ్న ఉండదు. ఈలోగా సీసాకి గట్టిగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మూడు నాలుగు రోజులు పరవాలేదు.